పెనుగొలను ఆటో, నా కొలత

తిరువూరు నుంచి పెనుగొలనుకు వెయ్యబోతున్న ఉదయం బస్సును ఒంటిచేత్తో ఆపిన ఘనుణ్ణి నేను. నిజానికి చెయ్యి కూడా ఎత్తలేదు. ఊరికే కూర్చున్నాను. కూర్చునే ఇంత నష్టం చేసినవాడు లేచి నిలబడితే దేశం ఏమైపోయేదో అని మా అక్క ఇప్పటికీ చుట్టాలందరి దగ్గరా అంటూ ఉంటుంది. ఆవిడ నోట వినడం కంటే నా నోట వింటే నా పరువు వీసమెత్తయినా మిగులుతుందన్న ఆశతో ఇది రాస్తున్నాను. నవ్వుకోండి, పర్వాలేదు. మా ఆటోస్టాండు వైపు వచ్చినప్పుడు మాత్రం నన్ను వేలెత్తి చూపించకండి, అక్కడ ఇంకా గుర్తుపడతారు.

ఎకనామిక్స్‌లో ఎమ్మే పూర్తి చేసి, ఇంట్లో ఫ్యాను కింద మేధావిగా కొనసాగుతున్న రోజులవి. విజయవాడలో ఒక అధ్యయన సంస్థవాళ్లు పిలిచి ఉద్యోగం ఇచ్చారు. పని పేరు 'అభివృద్ధి చెందుతున్న దేశపు భూరవాణా రంగం పనితీరును కొలుచుట'. ఆ పేరు పూర్తిగా చదివేలోపు మా ఊళ్లో ఒక బస్సు వచ్చి వెళ్లిపోతుంది. దేశం మొత్తాన్నీ నా ఒక్కడికే అప్పగించలేదు లెండి. నా వంతుకు తిరువూరు సెంటర్లో ఉదయం పూట పెనుగొలను వెళ్లే షేర్ ఆటోలు వచ్చాయి. జనం ఆటో ఎక్కాక అది నిండడానికి ఎంతసేపు పడుతోందో కొలవాలి. ఆలస్యంగా నిండుతుంటే జనం ఇబ్బంది పడుతున్నట్టు, బస్సు వెయ్యమని సిఫార్సు చేస్తారు. చకచకా నిండుతుంటే ఆటోలే చాలు, బస్సు ఇంకో ఊరికి పోతుంది.

ఈ బస్సు కోసం అందరికన్నా ఎక్కువగా కాళ్లరిగేలా తిరిగింది మా సునీతక్క. పెనుగొలను బళ్లో టీచరు. ఆటో నిండితే తప్ప కదలదు, కదిలితే తప్ప అక్క బడికి చేరదు. వేళ దాటాక ఫోనుకు ముఖం చూపించి హాజరు వేసుకుంటే, ఆ ఫోను నిర్దాక్షిణ్యంగా ఆలస్యం అని చెప్పేస్తుంది. ఇంకొక్కసారి లేటయితే మెమో తప్పదని హెడ్మాస్టరు అనేశారు కూడా. అందుకే నాకీ పని వచ్చిందని తెలియగానే అక్క పొంగిపోయింది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు కదా. ఈ వడ్డించేవాడు గరిటె తిరగేసి పట్టుకునే రకమని పాపం ఆవిడకు తెలియదు.

"ఒరే బుజ్జీ, ఉన్నది ఉన్నట్టు రాయి చాలు, బస్సు అదే వస్తుంది" అంది. ఆ మర్నాటి నుంచే టీచర్ల శిక్షణ ఉండి, వారం పాటు విస్సన్నపేట వెళ్లింది.

మా ప్రాజెక్టు ఆఫీసరు మూర్తి గారు ఫోన్లో గట్టిగా ఒకటే చెప్పారు. "నువ్వు సర్వే చేస్తున్నట్టు పురుగుకు కూడా తెలియకూడదు. మామూలు ప్రయాణికుడిలా ఆటోలో కూర్చో. నిండగానే వాచీ ఆపు. తర్వాత ఇంకో ఆటో చూసుకో."

గురువు గారి మాట శిరసావహించాను. ఇస్త్రీ చొక్కా టక్ చేసి, బూట్లు తొడుక్కుని, భుజాన బ్యాగుతో మస్తాన్ బాబాయ్ ఆటోలో కూర్చున్నాను. మస్తాన్ ఆ స్టాండులో పెద్ద డ్రైవరు. ఆయన కేక వేస్తే ఎ.కొండూరులో నిద్రపోయేవాళ్లు లేచి కూర్చుంటారు. అప్పటికే ఇద్దరు ప్రయాణికులు లోపల ఉన్నారు. నేను ఎక్కి, అసహనంగా వాచీ చూసుకున్నాను. అంతే! జనం నీళ్ల ట్యాంకరు వచ్చినట్టు పరిగెత్తుకొచ్చి ఎక్కేశారు. బండి నిండింది. వాచీ ఆపాను. ఏదో ఫోను వచ్చినట్టు నటించి దిగి, పక్క ఆటో ఎక్కాను. అదీ అంతే వేగంగా నిండింది.

మా ఊరి రవాణా రంగం ఇంత చురుగ్గా ఉందని నాకు తెలియనందుకు నా మీద నాకే సిగ్గేసింది.

రెండో రోజు నాకు స్టాండులో గౌరవం పెరిగింది. "రండి బాబూ, నా బండిలో కూర్చోండి" అని ఒకడు. "నిన్న నీ దాంట్లో కూర్చున్నారు కదరా, ఇవాళ నా వంతు" అని ఇంకొకడు. టీ తెప్పించారు, కిటికీ పక్క సీటు తుడిచి ఇచ్చారు. నా ముఖంలో ఏదో వర్చస్సు ఉందని, చదువుకున్నవాడి విలువ కష్టజీవులకే తెలుస్తుందని అనుకున్నాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు. నేను కళ్లు తెరుచుకుని, వాచీ చూసుకుంటూ మరీ టీ తాగాను.

ఒక్క విషయం మాత్రం వింతగా ఉండేది. నాకంటే ముందే కూర్చుని ఉండే ఆ ఇద్దరు ప్రయాణికులు, అసలు జనం ఎక్కగానే దిగిపోయేవాళ్లు. రోజూ ఇదే తంతు. 'మనసు మార్చుకున్న ప్రయాణికులు' అని రాసుకున్నాను. మనిషి మనసు కొలవడం మా ప్రాజెక్టు పరిధిలో లేదు కాబట్టి వదిలేశాను.

వారం తిరిగేసరికి లెక్కలన్నీ పంపించాను. మూర్తి గారు ఉబ్బితబ్బిబ్బయ్యారు.

"ఏమయ్యా, నిజంగా ఇంత త్వరగా నిండుతున్నాయా?"

"కళ్లారా చూశాను సార్. ఒళ్లారా కూర్చున్నాను."

"అయితే ఆ ఊరికి బస్సు అనవసరం. రేపు నేనే వచ్చి ఒకసారి చూసి సంతకం పెట్టేస్తాను."

ఆ సాయంత్రమే అక్క శిక్షణ ముగించుకుని ఇంటికొచ్చింది. అన్నం ముందు కూర్చుని నేను గర్వంగా సంగతి చెప్పాను. అక్క చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"త్వరగా నిండుతున్నాయా? ఒరే, ఆ ఆటోలో రోజూ కూర్చునేది నేను. పిల్లలు ప్రార్థన ముగించి, పాఠం మొదలుపెట్టి, మర్చిపోయే టైముకు గానీ కదలదది!"

"అక్కా, అది నీ అనుభవం. నాది కొలత" అన్నాను.

ఇంత పెద్ద మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో గానీ, అక్క పళ్లెం తోసేసి లేచిపోయింది. ఆవిడ కళ్లలో నీళ్లు చూసి నాకు కొంచెం భయమేసింది. అయినా తగ్గలేదు, ఎమ్మే కదా. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచేసి ఇంట్లో ఓడిపోయాను. పడుకునే ముందు అమ్మ పైకే ప్రార్థన చేసింది. "ప్రభువా, మా సునీతకు బస్సు దయచెయ్యి, మా బుజ్జిగాడికి బుద్ధి దయచెయ్యి."

రెండోది కొంచెం ముందుగానే మంజూరైంది.

మర్నాడు మూర్తి గారు దిగారు. తెల్ల చొక్కా, నున్నగా దువ్విన జుట్టు, చేతిలో తోలు బ్యాగు, మనిషి నిండైన విగ్రహం. ఆయన్ని చూడగానే మస్తాన్ బాబాయ్ కళ్లు మెరిశాయి. "ఇవాళ నేనే ప్రయాణికుణ్ణి, నువ్వు దూరం నుంచి చూడు" అని సార్ వెళ్లి వెనక సీట్లో మధ్యన కూర్చున్నారు. మనసు మార్చుకునే ప్రయాణికులిద్దరూ యథాప్రకారం అప్పటికే అందులో ఉన్నారు.

"పెనుగొలను, పెనుగొలను! ఒక్కరే, ఒక్కరే! అయ్యగారికి డ్యూటీ టైమైపోతోంది, ఎక్కండమ్మా ఎక్కండి!" అని మస్తాన్ కేక.

జనం విరుచుకుపడ్డారు. ఒక పెద్దాయన మామిడికాయల సంచితో ఎక్కి, "కాస్త పట్టుకో బాబూ" అని దాన్ని సార్ ఒళ్లో పెట్టాడు. అంతలో క్యారేజీ బ్యాగు ఊపుకుంటూ మా అక్క పరిగెత్తుకొచ్చింది. నేను చటాలున కొబ్బరిబొండాల బండి చాటుకు తప్పుకున్నాను. అక్క లోపలికి చూసింది. ఇంత పెద్ద ఆఫీసరు కూర్చున్నాడంటే బండి బయల్దేరుతున్నట్టే అనుకుని ఎక్కేసింది. బండి నిండింది.

"అద్భుతం!" అని సార్ వాచీ ఆపి, సంచి పెద్దాయనకు ఇచ్చేసి లేవబోయారు.

"ఎక్కడికండీ?" అంది అక్క.

"దిగుతున్నానమ్మా. నా పని అయిపోయింది."

"పెనుగొలను వెళ్లరా?"

"లేదమ్మా. బండి నిండుతుందో లేదో చూద్దామని ఎక్కాను. నిండింది."

"మీరు దిగిపోతే ఇంక నిండిందెక్కడండీ?"

సార్ లేచినవారు లేచినట్టే ఆగిపోయారు. సరిగ్గా అప్పుడే మనసు మార్చుకున్న ప్రయాణికులిద్దరూ చల్లగా దిగి, టీ కొట్టు వైపు నడిచారు.

"మిమ్మల్ని చూసే కదండీ నేనెక్కాను! ఇవాళ లేటయితే నాకు మెమో ఇస్తారు. బండి కదిలేదాకా మీరు కదలడానికి వీల్లేదు" అని అక్క ఆయన చొక్కా అంచు పట్టుకుంది. టీచర్లు పట్టుకుంటే ఎలా ఉంటుందో మీకు తెలుసుగా. సార్ మూడో తరగతి పిల్లాడిలా కూర్చుండిపోయారు. మామిడికాయల సంచి తిరిగి ఒళ్లోకి వచ్చింది.

"ఒక్కరే, ఒక్కరే!" అంటున్నాడు మస్తాన్, ఇద్దరికి చోటుంచుకుని. ఎండ ఎక్కుతోంది. సార్ దువ్వుకున్న జుట్టు నుదుటికి అంటుకుపోయింది. ఆయన తల బయటపెట్టి నన్ను పిలిచారు. "ఇందాక దిగిపోయినవాళ్లెవరయ్యా?"

"మనసు మార్చుకున్న ప్రయాణికులు సార్. రోజూ మార్చుకుంటారు."

"రోజూ? వాళ్లేనా?"

"వాళ్లే సార్" అని చెబుతుండగానే నాకు సగం సంగతి అర్థమైంది.

అక్క నన్ను చూసేసింది. "ఒరే బుజ్జీ! ఇంతసేపూ ఇక్కడే ఉన్నావట్రా?"

మస్తాన్ బాబాయ్ ముఖం చాటంత అయింది. "మీ తమ్ముడా అమ్మా? బంగారం లాంటి పిల్లోడు! మా డ్రైవర్లని ఇద్దర్ని ఉత్తినే కూర్చోబెట్టినా జనం నమ్మటం మానేశారు. ఈ బాబు కూర్చుంటే చాలు, బండి నిండిపోతోంది. నిండగానే దిగి పక్క బండిలో కూర్చుంటాడు. దిగినోళ్ల సీట్ల కోసం మళ్లీ ఎంతసేపైనా ఆగుతాం, అది వేరే సంగతి. ఎక్కినోళ్లు ఇంక దిగరు కదా! వారం నుంచి ఒక్క పైసా అడగలేదమ్మా!"

స్టాండు మొత్తం నన్ను మెచ్చుకోలుగా చూస్తోంది. అక్క మాత్రం అలా చూడలేదు.

"నువ్వు ఎక్కి, నిండాక వాచీ ఆపి, దిగిపోయావా?" అన్నారు సార్, మామిడికాయల మీదుగా.

"మామూలు ప్రయాణికుడిలా ఉండమని మీరే కదా సార్ అన్నారు!"

"ప్రయాణికుడన్నవాడు ప్రయాణం చెయ్యాలయ్యా!"

ఆ రోజు సార్ పెనుగొలను దాకా వచ్చారు. నేను డ్రైవరు పక్కన సగం సీటు మీద, సగం గాలి మీద వేలాడాను. మేం చేరేసరికి బడిలో ప్రార్థన ఎప్పుడో అయిపోయింది. అక్క ఫోనుకు ముఖం చూపిస్తే ఫోను తన మాట తాను అనేసింది. హెడ్మాస్టరు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. అక్క తలొంచుకుంది. మా ఇంట్లో ఎవరి దగ్గరా తల వంచని మనిషి అలా నిలబడితే నాకు ఏడుపొచ్చింది, దాచడం దేనికి.

అప్పుడు సార్ ముందుకొచ్చారు. "ఈవిడ తప్పేం లేదండీ. ఆటో ఆలస్యం."

"తమరెవరు?" అన్నారు హెడ్మాస్టరు.

"ఆటో ఆలస్యం కాదని సంతకం పెట్టబోయినవాణ్ణి."

మెమో ఆగింది. నా ఉద్యోగం కూడా అక్కడితో ఆగింది. కొత్తగా వచ్చిన అమ్మాయి టీ కొట్టు దగ్గర నిలబడి మళ్లీ కొలిచింది. కొన్నాళ్లకు ఉదయం బస్సు మంజూరైంది. కాకపోతే ముందు ఒక నెల ప్రయోగాత్మకంగా నడుపుతారట. జనం ఎక్కకపోతే ఎత్తేస్తారట.

తొలిరోజు అక్కను సాగనంపడానికి వెళ్లాను. బస్సు తళతళలాడుతూ నిలబడింది. కిటికీ పక్కన అక్క ఒక్కతే ఉంది. కింద ఇంతమంది జనం ఉన్నారు, ఒక్కరూ ఎక్కరు!

"ఎక్కండమ్మా, టైముకి వెళ్లిపోతుంది" అని కండక్టరు మొత్తుకుంటున్నాడు.

"ఖాళీ బండి ఎప్పుడు కదిలేను నాయనా! నిండనీ, అప్పుడు ఎక్కుతాం" అంది గంప దించుకుని ఒకావిడ. ఏళ్ల తరబడి ఆటోలు నేర్పిన చదువు ఒక్కరోజులో పోతుందా మరి.

అక్క కిటికీలోంచి నన్ను చూసింది. "బుజ్జీ, ఎక్కు."

"వద్దక్కా, ఇంక జన్మలో..."

"ఎక్కరా! మన బస్సు పోతుంది!"

ఎక్కాను. ముందు సీట్లో కూర్చుని, కనుబొమలు ముడిచి వాచీ చూసుకున్నాను. గంపావిడ లేచింది. ఆవిడ వెనక పెద్దాయన, ఆయన వెనక ముగ్గురు కుర్రాళ్లు, ఆ వెనక అందరూ. బస్సు నిండింది. డ్రైవరు హారన్ కొట్టాడు. అలవాటు చొప్పున లేచి నిలబడ్డాను.

వెనక నుంచి నా కాలరు అక్క చేతికి చిక్కింది. "కూర్చో. నీకు టికెట్ తీశాను."

పెనుగొలనులో నాకు ఏ పనీ లేదు. అయినా ఆ నెలంతా రోజూ వెళ్లొచ్చాను. అక్క ఒక్కనాడూ లేటవలేదు. బస్సు ఇప్పటికీ నడుస్తోంది.

కాబట్టి చదువరులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఈ దేశపు భూరవాణా రంగంలో బస్సు గానీ, ఆటో గానీ, ఆఖరికి ఎవరి సైకిలు క్యారేజీ గానీ ఎక్కితే, చేరవలసిన చోటికి చేరేదాకా దిగను. ఈ ప్రమాణం మధ్యలో కూడా దిగిపోనని పక్కన కూర్చుని మరీ రాయించింది మా అక్క.