అక్క చూసిన దయ్యం సినిమా

పోయిన కార్తీకంలో చీరలు కొనడానికని అక్క విడవలూరు దగ్గరి తన పల్లె నుంచి కావలిలో మా ఇంటికి వచ్చింది. సాయంత్రం బస్సుకే వెళ్ళిపోతానంది. మధ్యాహ్నం బయట ముసురు పట్టడంతో మా ఆయన టీవీలో పాత నలుపు తెలుపు సినిమా ఒకటి పెట్టారు. చిన్నప్పుడు పెద్దవాళ్ళు చెప్పుకుంటుంటే విన్నామే తప్ప అక్కా నేనూ దాన్ని చూడలేదు.

సముద్రం ఒడ్డున పాత బంగళా. అందులోకి కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి. చీకటి పడితే మేడ మీద ఎవరో నడుస్తున్న చప్పుడు. ఆమె లాంతరు పట్టుకుని మెట్లెక్కుతుంది, కిటికీ తెరలు కదులుతాయి, అంతే. దయ్యం ఒక్కసారైనా కనబడదు.

అక్క వాళ్ళది చేపల వేట. తెల్లారకముందే ఒంటరిగా ఒడ్డుకు పోయి బావ పడవ కోసం ఎదురుచూసే మనిషి. అలాంటిది, సినిమా అయ్యేదాకా నా చెయ్యి వదల్లేదు.

అయ్యాక మా ఆయన ఫోన్లో చదివి చెప్పారు. "కొత్తలో పత్రికలోళ్ళు తిట్టిపోసినారంట వదినా, దయ్యం లేని దయ్యం సినిమా ఏందని. ఇప్పుడేమో ఆ వెలుగునీడలూ ఆ గాలి హోరూ చూసి, ఇంత గొప్ప సినిమా లేదంటుండారు."

"గాలికి నేను భయపడతానా? మా ఇంట్లో రోజూ అదే హోరు," అంది అక్క. "ఆ పిల్ల చప్పుడు వినబడిందంటే మొగుడు నమ్మలా, అత్త నమ్మలా. నాకూ వినబడిందమ్మా అని ఒక్కరన్నా అనుంటే సగం భయం పోయేది గదా. నాకు దిగులేసింది అందుకే."

ఆయన ఇంకాసేపు ఫోన్ తిప్పి చూశారు. "ఈ మాట ఎవురూ రాయలా," అన్నారు.

బస్సు వేళయింది. నాకు పంపాలని లేదు, ఉండమనడానికీ మొహమాటం. అక్కే కిటికీలోంచి చూసి, "ముసురు తగ్గలా. రేపు పోతాలే," అంది. బావకు ఫోన్ చేసి కథంతా చెప్పింది. సినిమాలో లేని దయ్యానికి తెల్లచీర కట్టి మరీ చెబుతుంటే మేం నవ్వాపుకోలేకపోయాం.

తర్వాత పెరట్లో కరివేపాకు తెమ్మంటే, "నువ్వూ రాయే," అంది. ఇద్దరం వెళ్ళాం. పొద్దున తను తెచ్చిన చేపలు తనే కడిగితే నేను చింతపండు పిసికాను. పెళ్ళిళ్ళయ్యాక మేమిద్దరం కలిసి పులుసు పెట్టడం అదే మొదటిసారి. ఉప్పు తక్కువైందని తను, సరిపోయిందని నేను. పొయ్యి దగ్గరే చాలాసేపు వాదించుకుంటూ కూర్చున్నాం.