ప్రభువు బల్ల మీదికి వచ్చిన నాచు మందు

మన పొరపాట్లకు అడ్డుపడి కాపాడే దేవునికి స్తోత్రం కలుగును గాక.

మాది చంద్రపూర్‌లోని బాబుపేట్. నిరుడు చర్చి ఆవరణలో నేను పెంచిన టమాటా మొక్కలు ఆకుమచ్చ తెగులుతో పోయాయి. అందుకే ఈసారి తెగులును తట్టుకునే బలం రావాలని, ముందునుంచే సముద్రపు నాచు రసం నీళ్లలో కలిపి చల్లుతున్నాను. ఒకసారి కొంచెం మిగిలితే ఖాళీ ద్రాక్షరసం సీసాలో పోసి వంటింట్లో పెట్టాను. చూడ్డానికి అదీ ద్రాక్షరసంలాగే ముదురు రంగులో ఉంటుంది.

యేసు కడరాత్రి భోజనాన్ని తలచుకునే ప్రభువు బల్ల రోజున అందరికీ ఇచ్చే ద్రాక్షరసం తెచ్చేది నేనే. ఆ ఆదివారం ఆలస్యమైంది. హడావిడిగా వంటింట్లో చేతికందిన సీసా తీసుకెళ్లి చిన్న కప్పుల్లో పోసి పంచాను. అందరూ కప్పులు పట్టుకుని కళ్లు మూసుకున్నారు. పాస్టరుగారి ప్రార్థన సాగుతోంది. పక్కనున్న రాజమ్మ పెద్దమ్మ నా చెవిలో, "ఏందే బిడ్డా, ద్రాక్షరసం చేపల కంపు గొడుతుంది?" అంది.

నా కప్పు వాసన చూశాను. అది నాచు రసమే.

"ఎవ్వరు తాగకుండ్రి! గది మొక్కల మందు!" అని అరిచాను.

మా సంఘంలో ప్రార్థన ముగిశాక అందరం ఒకేసారి తాగుతాం. ఆ పద్ధతి వల్లే ఒక్క చుక్క కూడా ఎవరి నోట్లోనూ పడలేదు. సిగ్గుతో నేను ఏడుస్తుంటే పాస్టరుగారు నవ్వేశారు.

"తెగులు రాకుండ మొక్కలకు పోసేది మాకు పోస్తివా అక్కా? మాకు వాక్యం సరిపోతలేదా ఏంది?"

దేవుని పనిలోనైనా తొందర పనికిరాదని ఆ రోజు తెలిసింది. ఇది చదివిన మీరూ ఒక్క నిమిషం నాతో తలవంచి, మన చేతులకు జాగ్రత్త నేర్పమని ప్రభువును వేడుకోండి.