నలభై ఎనిమిది మీటర్ల జార్జెట్

ఆ కరోనా రెండేళ్లూ ప్రభుత్వం మనిషికీ మనిషికీ మధ్య ఆరడుగుల దూరం అడిగింది. మా చెల్లె నలభై ఎనిమిది మీటర్లు ఇవ్వడానికి సిద్ధంగా ఉండేది. ఇంత మంచి పౌరురాలి మైదానానికే తాళం వేశారు.

చెల్లె హ్యామర్ విసిరేది. హ్యామర్ అంటే మేకులు కొట్టే సుత్తి కాదు. ఈ సంగతి సూరత్‌లోని మా భేస్తాన్ గల్లీలో ఇంటింటికీ విడివిడిగా చెప్పాల్సి వచ్చింది. నాలుగు కిలోల ఇనుప గుండు, దానికో తీగ, తీగ చివర పిడి. పిడి పట్టుకొని మూడు చుట్లో నాలుగు చుట్లో గిర్రున తిరిగి వదిలేయాలి. ఎటు వదలాలన్నదే అసలు విద్య. కాలేజీలో చేరిన కొత్తలో ఆటల సారు ఆమె భుజాలు చూసి పిలిచాడు. ఆ భుజాలు మూడంతస్తులు నూలు పెట్టెలు మోసిన పుణ్యం. నా వంతు పెట్టెలు కూడా ఆమే మోసేది కాబట్టి, ఆమె ఆటలో నా పాత్ర చిన్నదేమీ కాదు. రెండో ఏడుకల్లా యూనివర్సిటీ ఛాంపియన్ అయింది. దూరం నలభై ఎనిమిదిన్నర మీటర్లు.

మాది తాతల నాడే తెలంగాణ నుంచి మగ్గాల వెంట సూరత్ వచ్చిన ఇల్లు. బాపు ముప్పై ఏళ్లుగా పవర్‌లూమ్ నడుపుతున్నాడు. అమ్మ ఇంట్లో కూర్చొని చీరలకు వేలాడే దారాలు కత్తిరిస్తుంది. నేను బీకాం పాసై ఖాళీగా ఉండేవాణ్ణి. ఆ రెండేళ్లూ ఊరంతా ఖాళీగా ఉండడంతో నా పరువు కాస్త నిలబడింది.

కరోనా రెండో ఏడు రాష్ట్ర జట్టు కోచ్ ఫోన్ చేశాడు. మైదానాలు తెరిచాక జట్టును ఎంపిక చేస్తారట. అందరినీ పిలిచి గుంపు చేయడం కుదరదు కాబట్టి, ఎవరికి వాళ్లు విసిరి, దూరం కొలిచి, వీడియో పంపాలి. నలభై ఎనిమిది దాటితేనే పిలుపు. గడువు మూడు వారాలు.

"పిలుపు రాకుంటే ఆట బంద్ బాపు. సలాబత్‌పురాల చీరల ప్యాకింగ్‌కు వోత" అంది చెల్లె.

"వొస్తది తియ్యి" అన్నాడు బాపు. ఆమె ప్యాకింగ్‌లో చేరడం ఆయనకు ఏమాత్రం ఇష్టం లేదు. ఈ మాట ఇక్కడే చెప్పి పెట్టడం మంచిది. తర్వాత ఆయన చేసిన పని చూస్తే నమ్మడం కష్టం.

మగ్గాల షెడ్ల వెనక ఖాళీ జాగా ఒకటి ఉంది. రోజూ పొద్దున ఆరింటికి చెల్లె, బాపు, నేను వెళ్లేవాళ్లం. మొదటి రోజే ఒక పోలీసాయన బండి ఆపి, "యే క్యా చల్ రహా హై?" అన్నాడు.

"డిస్టెన్స్ రఖ్ రహే హైఁ సాబ్" అన్నాను, దూరం పాటిస్తున్నామని.

ఆయన ఒక విసురు చూశాడు. గుండు పడిన గుంతను కూడా చూశాడు. మళ్లీ ఆ దారిన రాలేదు.

కొలత దగ్గరే చిక్కు వచ్చింది. పొడుగు టేపు కాలేజీ గదిలో తాళం వెనక ఉంది. దుకాణాలు మూసి ఉన్నాయి. ఇంట్లో ఉన్న ఇనుప మీటరు బద్దను నలభై ఎనిమిది సార్లు తిప్పి పెడితే ఎక్కడో ఒకచోట లెక్క తప్పుతుంది. ఎవరు తప్పుతారో ఇంట్లో అందరికీ తెలుసు. నా మొహం ఎవరూ చూడలేదు, అంతే.

"బట్ట పెడదాం" అన్నాడు బాపు.

మగ్గాలు ఆగిన నాడు దిగిన తాకా ఒకటి ఇంట్లోనే ఉంది. తాకా అంటే దాదాపు నూరు మీటర్ల కోరా బట్ట, మాది జార్జెట్. అమ్మ దాన్ని చాపమీద పరుచుకుంటూ, మీటరు బద్ద పెట్టి, ప్రతి మీటరుకూ నీలం పెన్సిల్‌తో గీత గీసి అంకె వేసింది. అరవై దాకా వేసి, "ఇగ సాలు. దీనికి మించి ఇసిరిన్నాడు మల్ల గీస్త" అంది.

విసిరే చోట నేను సున్నా గీతను తొక్కి పట్టేవాణ్ణి. అవతల గుంత దగ్గర బాపు బట్ట పట్టుకొని అంకె చదివేవాడు.

"నలబై ఆరున్నర" అన్నాడు మొదటి రోజు.

"మంచిగ సూడు బాపు."

"మంచిగనే సూసిన. నలబై ఆరున్నర."

మర్నాడు నలభై ఆరు. ఆ తర్వాత అదీ లేదు. చెల్లె తన వీడియోలు తనే చూసుకొని తప్పులు వెతకడం మొదలుపెట్టింది. వెతికితే దొరకని తప్పులుంటాయా? మూడు చుట్లు తిరిగేది కాస్తా నాలుగు చేసింది. అన్నం మానేసింది, రెండ్రోజులయ్యాక రెండింతలు తిన్నది. నలభై అయిదుకు దిగింది.

"నాది అయిపోయింది అన్నా" అంది ఒకరోజు గుండుకు అంటిన మట్టి తుడుస్తూ.

నేను అలవాటుగా ఏదో జోకేశాను. నా జోకుకు ఆమె నవ్వకపోవడం మామూలే. తిట్టకపోవడం మాత్రం అదే మొదటిసారి.

గడువు ఇంకా అయిదు రోజులుందనగా అమ్మ టీ ఫ్లాస్కు పట్టుకొని మా వెంట వచ్చింది. అందరం గుండు వంక చూస్తుంటే ఆమె బట్ట వంక చూసింది.

"ఏందయ్యా, దాన్ని గట్ల గుంజుతున్నవ్?"

"నేనేడ గుంజిన? ఉత్తగ పట్టుకున్న" అన్నాడు బాపు.

"నువ్వు పట్టుకునుడంటేనే గుంజుడు. నీ సేతుల బట్ట ఎన్నడన్న వొదులుగ ఉన్నదా?"

బాపు తన చేతులకేసి చూసుకున్నాడు. బట్ట మీటితే మోగేంత బిగువుగా ఉంది.

షెడ్డులో తాకా కొలిచి, మీటరుకింత అని కూలి ఇచ్చే సేఠ్‌కు అప్పగించేటప్పుడు బట్టను కొంచెం బిగించి కొలవడం రివాజు. జార్జెట్‌కు సాగే గుణం ఉంది. బిగిస్తే తాకాకు మూడు నాలుగు మీటర్లు ఎక్కువ పలుకుతుంది. ఈ సంగతి సేఠ్‌కు తెలుసు. సేఠ్‌కు తెలుసని బాపుకు తెలుసు. ముప్పై ఏళ్లుగా ఇద్దరూ ఒకరి మర్యాద ఒకరు కాపాడుకుంటున్నారు. కానీ ఇక్కడ కొలిచేది బట్టను కాదు, బట్టతో నేలను. సాగినకొద్దీ గీతకూ గీతకూ మధ్య ఎక్కువ నేల పడుతుంది, అంకె తగ్గుతుంది. సేఠ్ దగ్గర గెలిచిన మీటర్లను బాపు రోజూ పొద్దున కూతురి దగ్గర పోగొట్టాడు. రెండు వారాలు సున్నా కొస తొక్కి పట్టుకొని నిలబడ్డ పట్టభద్రుడికి ఇది తోచలేదు.

"పదిహేను దినాలు నన్ను నేనే తిట్టుకున్న బాపు" అంది చెల్లె.

బాపు బట్ట కొసను మెల్లగా నేలమీద పెట్టాడు. ఆ తర్వాత తనకు చేతనైన పరిహారం చెప్పాడు. "రేపటి సంది వొదులుగ ఇడుస్త బిడ్డా. ఎంత గావాలె? యాబై? యాబై జేస్త."

"నీ యాబై నాకొద్దు. నా నలబై ఎనిమిది నాకు గావాలె."

అమ్మ ఎవరినీ అడగకుండా టీ పోసింది.

మర్నాటి నుంచి చెల్లె కొత్త చట్టం పెట్టింది. గుండు పడ్డాక బట్టను నేలమీద పరచాలి, కొసలకు రాళ్లు పెట్టాలి, అమ్మ తప్ప ఎవరూ తాకకూడదు. బాపును చేతులు కట్టుకొని కూర్చోమంది. కట్టుకున్న చేతుల మీద కూడా నమ్మకం లేక ఆయన వాటిమీదే కూర్చున్నాడు.

అయినా అంకె పెరగలేదు. పదిహేను రోజులు చేసుకున్న మరమ్మతులు ఒంట్లోనే ఉండిపోయాయి. ఈసారి నలభై అయిదు నిజంగానే నలభై అయిదు. మూడు రోజులు అట్లాగే పోయాయి.

ఆఖరి రోజు పొద్దున చాలాసేపు గుండు పక్కన కూర్చొని, "నాలుగు సుట్లు బంద్. నా మూడు నాకు సాలు" అని లేచింది. తిరిగింది, వదిలింది.

అమ్మ బట్ట పరుచుకుంటూ, ఇంట్లో చీర సవరించినట్టే అరచేత్తో సాపు చేసుకుంటూ మోకాళ్ల మీద వెళ్లింది. ఆమెను తొందరపెట్టడం మా ఇంట్లో ఎవరివల్లా కాదు. నేను ఫోన్లో వీడియో తీస్తున్నాను.

"నలబై ఎనిమిది" అంది అమ్మ. "మీద బెత్తెడు." అని, వెనక్కి తిరిగి చూసి ఆగింది. ముప్పై అంకె దగ్గర బట్టలో చిన్న ముడత ఉంది. తీస్తే అంకె తగ్గుతుంది.

"గదేం ముడత? గాలికి లేసింది" అన్నాడు బాపు, చేతుల మీది నుంచి లేవకుండానే.

"తియ్యి అమ్మా" అంది చెల్లె.

అమ్మ తీసింది. బాపు కళ్లు మూసుకున్నాడు. బెత్తెడు పోయి బొటనవేలంత మిగిలింది. కానీ మిగిలింది.

వీడియో చూసి కోచ్ ఫోన్ చేశాడు. దేంతో కొలిచారని హిందీలో అడిగాడు. జార్జెట్ అని చెప్పాను. తర్వాత, ఆ పెద్దమనిషి చేతుల మీద ఎందుకు కూర్చున్నాడని అడిగాడు. మా నాన్నగారని చెప్పాను. అది జవాబు కాదు గానీ ఆయన ఇంకేమీ అడగలేదు. మూడో నాడు పిలుపు వచ్చింది.

ఎంపిక రోజున ఆడేవాళ్లను తప్ప ఎవరినీ లోపలికి రానివ్వలేదు. మాస్కులు పెట్టుకొని అమ్మ, బాపు, నేను గోడ బయట నిలబడ్డాం. రెండు గంటలకు గేటు మీద పేర్ల కాగితం అతికించారు. హ్యామర్‌లో మొదటి పేరు చెల్లెది. పక్కన నలభై తొమ్మిదిన్నర అని ఉంది. కాసేపటికి ఆమె సంచి భుజాన వేసుకొని బయటికొచ్చింది.

"టేపు ఎవలు పట్టిండ్రు?" అన్నాడు బాపు మొట్టమొదట.

"తెల్వదు బాపు. నేను సూడలే."

"సూడకుంటె ఎట్ల మరి?"

"గుండు సెయ్యి ఇడిసినప్పుడే ఎరికైంది" అని చెల్లె ఆటో కోసం రోడ్డు మీదికి నడిచింది.