ఈల చివర్లో సాగేది

నా మొగుడు ఎర్రగుంట్ల దగ్గర సున్నపురాతి గనిలో మందు పెట్టేవాడు. రాతికి బెజ్జాలు వేసి, మందు కూరి, పేల్చడం ఆయన పని. పేలినాక అందరికంటే ముందు లోపలికి పోయేదీ ఆయనే. దుమ్ము అణిగేదాకా ఆగి, పేలకుండా మిగిలిన తూటా ఏదైనా ఉందేమో వెతికి, ఏమీ లేదని తేలాకే ఈల వేసేవాడు.

పేలుడుకు మా రేకుల ఇంట్లో చెంబులు కదిలేవి. సంగటి కెలుకుతున్నదాన్ని తెడ్డు అట్లే పట్టుకుని నిలబడేదాన్ని. ఈల వినబడితే మళ్లీ కెలికేదాన్ని. ఆయన ఈల చివర్లో కొంచెం సాగేది, ఆకలవుతోందని చెప్పినట్టు.

ఒక మధ్యాహ్నం చెంబులు కదిలాయి. కాసేపటికి మళ్లీ కదిలాయి. ఈల రాలేదు.

తర్వాత మైదుకూరులో, కాలేజీలో సైన్సు చెప్పే ఒక మేడమ్ ఇంట్లో వంటకు కుదిరాను. ఆమె చుక్కల మీద పెద్ద చదువు చదువుతుండేది. ఒకరోజు కంప్యూటర్లో నల్లటి బొమ్మ చూస్తూ అన్నం మరిచిపోయింది.

"ఏందమ్మా అది?"

"ఒక చుక్క పేలిందమ్మా. పేలి ఏడాది దాటింది. ఇప్పుడు చూస్తాండాం."

"పేలినప్పుడు చూడకుండా ఇప్పుడేం చూస్తారు?"

"అప్పుడు వెలుగు శానా ఎక్కువ. లోపల ఏముండాదో తెలీదు. అణిగినాక చూడాల."

బొమ్మలో పెద్ద వెలుగు మీద వేలు పెట్టాను. "ఇదేనా?"

ఆమె నవ్వింది. "అది చుక్కల ఊరు, గెలాక్సీ అంటారు. పేలిన చుక్క ఈ అంచున ఉండాది, చూడు."

"ఆవగింజంత కూడా లేదే! దీనికోసమా అన్నం చల్లార్చుకుంటాండావు?"

అది మండి మండి ముసలిదైన తెల్ల చుక్కట. మామూలుగా ఇట్లాంటిది పేలితే ఏమీ మిగలదట. ఇది మాత్రం వింతది, బలం చాలకుండా పేలిందట. ఈపాటికి పొగలా పలచబడాలి. నడుమ ఇంకా చిక్కగానే ఉందట.

"అంటే లోపల చుక్క మిగిలిందా?"

"మిగిలిండొచ్చు. ఇప్పుడే చెప్పలేం."

"ఉండాదని చెప్పు తల్లీ."

ఆమె నా మొహం చూసింది. నా సంగతి ఆమెకు తెలుసు. పేలినవన్నీ పూర్తిగా పోవని ఎవరో ఒకరు చెబితే చాలు నాకు, ఆ చుక్క గురించి చెప్పినా సరే.

"తెలీకుండా ఉండాదని ఎట్ల చెప్పేదమ్మా? లేదని మాత్రం అనను. ఇంకా చూస్తాం."

ఆమెకు కర్నూలు బదిలీ అయింది. నేను ఎర్రగుంట్లకే, చెల్లెలింటికి వచ్చేశాను. అప్పుడప్పుడు ఆమె ఫోను చేస్తుంది.

"చూస్తాండారా మేడమ్?"

"చూస్తాండాం. ఇంకా ఆరిపోలేదమ్మా."

గనిలో ఇప్పుడు వేరే ఆయన ఈల వేస్తాడు. పొట్టిగా, తెగినట్టు. వీధిలో అందరూ అన్నాలకు లేస్తారు. నేను మాత్రం తెడ్డు పట్టుకుని, ఆ సాగే చివర కోసం ఆగుతాను.

"కెలుకక్కా, అడుగంటుతాంది!" అని చెల్లెలు అరుస్తుంది.

"ఉండు," అంటాను.