నోటి ఇంజను మాస్టారు

పెట్రోలు రేటు పెరిగినప్పుడల్లా ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా మండిపడేవారు. కొందరు టీవీని తిట్టేవారు. కొందరు అటక మీది సైకిలు దించి దుమ్ము దులిపేవారు. కొందరు జెండాలు పట్టుకుని రోడ్డెక్కేవారు. డ్రైవింగ్ స్కూలు మాస్టారు మాత్రం షెడ్డులో కూర్చుని నోరు తెరిచి "డుర్ర్ర్" అనేవారు.

నవ్వొస్తే నవ్వుకోండి, మొహమాటం అక్కర్లేదు. ఈ కథ చెప్పేటప్పుడు అందరికంటే ముందు నవ్వేది ఆయనే.

మాస్టారికి ఉన్నది ఒకటే కారు. నెత్తిన బోర్డు, ఎడమ తలుపుకి సొట్ట, కదిలితే కీచుమనే బెల్టు. రేట్లు పెరుగుతూ పోయేసరికి గంట పాఠంలో సగం రోడ్డు మీద, సగం షెడ్డులో అని పెట్టారు. షెడ్డు పాఠానికి కీ తిప్పే పని లేదు. నేర్చుకునేవాళ్లు స్టీరింగు పట్టుకుంటారు, పక్క సీట్లో మాస్టారు ఇంజనై మోగుతారు. ఫస్టు గేరుకి బొంగురు గొంతు. ఆ గొంతు పైకి లేస్తుంటే క్లచ్ తొక్కి సెకండు వెయ్యాలి. ఎత్తు ఎక్కాలంటే మూలుగుతారు. వర్షం పాఠమైతే నాలుకతో వైపర్లు కూడా వేస్తారు. వీధిలో పోయేవాళ్లు లోపల ఎవరికో ఒంట్లో బాగాలేదనుకుని తలుపు కొట్టిన సందర్భాలు రెండున్నాయి. ఓసారి ఒక గుమాస్తాగారు స్టీరింగు మీది చేతులు తీసి, "మాస్టారూ, నాలుగో గేరులో మీకు ఆయాసం వస్తోంది, ఐదోది వేసెయ్యనా?" అని అడిగారు. మాస్టారు నొచ్చుకున్నారు గానీ ఐదో గేరు ఆ రోజు నుంచి సిలబస్‌లోంచి తీసేశారు.

ఇది పేదరికం తెచ్చిన తెలివి అని ఆయన ఒప్పుకోరు. కొత్త బోధనా పద్ధతి అంటారు. ప్రపంచం ఇంకా గుర్తించలేదంతే అని కూడా అంటారు.

ఆయన భార్య ఆరోగ్య కేంద్రంలో నర్సు. మంచం పట్టినవాళ్ల ఇళ్లకు వెళ్లి కట్లు మార్చడం, ఇంజెక్షన్లు చెయ్యడం ఆవిడ పని. ఇరవై ఏళ్లుగా భుజాన సంచీ తగిలించుకుని బస్సెక్కి, బస్సు దిగి, మిగతా దూరం నడిచి ఆ పని చేస్తోంది. ఈ మధ్య కేంద్రానికి ఒక వ్యాను వచ్చింది. సోమవారం లోపల లైసెన్సు చూపించిన నర్సుకే వ్యాను, ఇళ్లకు తిరిగే పని కూడా ఆ నర్సుదే, మిగతావాళ్లు కౌంటర్లో కూర్చుని చీటీలు రాయాలి అని డాక్టరమ్మ తేల్చేసింది. కుర్చీలో కూర్చుని చీటీలు రాయడమంటే ఆవిడకి ప్రాణం పోయినంత పని. తన కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసే ముసలివాళ్లు పదిహేను మంది ఉన్నారు మరి.

"నాకూ నేర్పండి" అంది.

"లాయర్లకి నేర్పాను, నీకు నేర్పలేనా?" అన్నారు మాస్టారు. ఊళ్లో సగం మందికి నేర్పిన చెయ్యి కదా, ధీమా.

ఇంటావిడే కదా అని ఆవిడ పాఠాల్లో షెడ్డు ఇంకాస్త పెరిగి, రోడ్డు ఇంకాస్త తగ్గింది. మూడు నెలలు మాస్టారు ఆవిడ చెవిలో మోగారు. మొదటి టెస్టులో ఎత్తు మీద బండి ఆగిపోయింది. రెండో టెస్టులో కూడలిలో ఆగిపోయింది. రెండుసార్లూ టెస్టు ఇన్‌స్పెక్టరు ఎర్ర పెన్ను తీసి అడ్డగీత కొట్టాడు. ఆయన్ని ఊరంతా ఎర్రపెన్ను అనే పిలుస్తుంది. రెండోసారి ఇంటికొచ్చాక మాస్టారు, "నీకు చెవి లేదే, అదీ అసలు సంగతి" అనేశారు. ఆ తర్వాత మూడు రోజులు ఆ ఇంట్లో కంచం శబ్దం తప్ప ఇంకో శబ్దం లేదు.

ఇక మిగిలింది శుక్రవారం. ఆవిడ లెర్నింగ్ లైసెన్సుకి అదే ఆఖరి రోజు. తప్పిందా, మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు, మళ్లీ నెలల తరబడి ఎదురుచూపు. ఈలోగా వ్యాను ఇంకో నర్సు చేతికి పోతుంది.

ఆ పొద్దున బూట్ల లేసులు కట్టుకుంటూ మాస్టారు పేపరు మీద కళ్లేశారు. రేట్లు తగ్గించాలని బళ్లవాళ్లు ఎక్కడికక్కడ రోడ్లు ఆపేస్తున్నారని అందులో ఉంది.

"పనీపాటా లేనివాళ్లు! రోడ్డు మీద కూర్చుంటే రేట్లు దిగొస్తాయా?" అన్నారు.

"షెడ్డులో కూర్చుని డుర్ర్ర్ అంటే దిగొస్తాయేం?" అంది ఆవిడ, సంచీలో కాగితాలు సర్దుకుంటూ.

మాస్టారు లేసుకి ఇంకో ముడి వేసుకున్నారు.

టెస్టు గ్రౌండు వంతెన అవతల, దిగగానే ఎడమ పక్కన ఉంటుంది. వేరే దారి లేదు. ఆవిడ నడుపుతుంటే, మాస్టారు పక్కన మోగుతుంటే, బాగానే వంతెన ఎక్కారు. సగం దాకా వెళ్లేసరికి ముందు లారీలు, పక్కన ఆటోలు, ఇంకో పక్క డెలివరీ బళ్లు, మూడు వరసలు. క్షణంలో వెనక కూడా నిండిపోయింది. నీళ్ల ట్యాంకరు నడిపే భారీ మనిషి ఒకాయన ఒక్కో బండి దగ్గరికీ వస్తూ కీలు తీయిస్తున్నాడు. ముందుండి నడిపిస్తున్నది ఆయనే.

"కీ తీసెయ్యండి మాస్టారూ. సాయంత్రం దాకా ఈ వంతెన మీద ఒక్క ఇంజను మోగకూడదు. మనం లేకపోతే ఊరెలా ఉంటుందో వాళ్లకీ వినపడాలి."

"చూడు బాబూ, నేనెవరో తెలుసా?"

"తెలీకపోవడమేంటి? డుర్ర్ర్ మాస్టారు" అన్నాడు ట్యాంకరాయన. చుట్టూ నవ్వులు. ఒక ఆటో అతను వైపర్ల చప్పుడు కూడా చేశాడు.

మాస్టారికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కీ తీసి జేబులో వేసుకున్నారు. ఒక్కొక్క ఇంజనే ఆగిపోయి, కాసేపటికి వంతెన కింద నీళ్లు పారుతున్న చప్పుడు వినిపించింది. ముప్పై ఏళ్లుగా రోజూ దాటుతున్న వంతెన. కింద నీళ్లకు శబ్దం ఉంటుందని ఆయనకి అప్పుడే తెలిసింది.

వాళ్లకి రెండు బళ్ల వెనక స్కూటరు మీద, తలకి హెల్మెట్టుతో, ఎర్రపెన్ను ఇరుక్కుని ఉన్నాడు. ఆఫీసులో సంతకాల పని చూసుకుని ఆయనా గ్రౌండుకే బయల్దేరాడు. గ్రౌండు ఒంటిగంటకి మూసేస్తారు. పదకొండున్నర అయింది.

నర్సమ్మ కారు దిగింది. తిన్నగా ట్యాంకరాయన దగ్గరికి వెళ్లింది.

"అన్నా, ఈ రోజు గడిచిపోతే నాకు లైసెన్సు రాదు. ఇంజను వెయ్యను. బండి తోసుకుంటూ అవతలికి పోతే నీకు అభ్యంతరమా?"

"బండి పోతే ఇక్కడ సందు పడుతుందమ్మా. ఒక్క సందు దొరికితే చాలు, పోలీసులు అందులోంచి బళ్లు లాగి మొత్తం ఖాళీ చేయించేస్తారు."

"ఆ సందులో మనిషి కూర్చుంటే?"

"ఎవరు కూర్చుంటారు?"

ఆవిడ వెనక్కి తిరిగి మొగుడి వైపు చూసింది. ఆవిడతో పాటు వంతెనంతా చూసింది.

"నేనా?" మాస్టారి గొంతు ఫస్టు గేరులో పడింది. "నేను లేకుండా నువ్వు టెస్టెలా ఇస్తావే?"

"మీరుండగా రెండుసార్లు ఇచ్చాను కదండీ, చూశాంగా" అంది ఆవిడ. తర్వాత గొంతు తగ్గించి, "వెనక సీట్లో కూర్చుని రెండుసార్లూ మీరు సన్నగా డుర్ర్ర్ అంటూనే ఉన్నారు. ఇంజను ఒకటి చెప్తోంది, మీరొకటి చెప్తున్నారు. ఎవరి మాట వినాలో తెలీక బండి ఆపేశాను."

"నేను... అన్నానా?"

"అన్నారండీ" అన్నాడు ఎర్రపెన్ను, హెల్మెట్టు తీస్తూ. "నేనూ విన్నాను. బండిలో ఏదో రిపేరనుకున్నాను."

మాస్టారు రెండు వేళ్లతో పెదాలు తడుముకున్నారు. "ముందే చెప్పొచ్చుగా?" అన్నారు.

"చెప్తే మీ మొహం ఎలా అయిపోతుందో నాకు తెలుసు. ఇదిగో, ఇలాగే."

మాస్టారు కీ తీసి ఆవిడ చేతిలో పెట్టారు.

ఆరుగురు డ్రైవర్లు వెనక నుంచి తోస్తుంటే, పక్క సీట్లో ఎర్రపెన్ను ఒళ్లో ఫైలు పెట్టుకుని కూర్చుంటే, లారీల మధ్య వంకర్లు తిప్పుకుంటూ ఆవిడ బండిని బయటికి తీసింది. జానెడు చోటు లేని దగ్గర కూడా దేనికీ తగల్లేదు. ఇంజను లేని బండి నడపడంలో మా ఇంటావిడ దిట్ట అని మాస్టారు ఇప్పటికీ గొప్పలు పోతారు. వంతెన చివర బండి ఏటవాలులోకి జారి కనపడకుండా పోయింది.

కారు నిలబడ్డ చోట రోడ్డు మీద చారెడు నూనె మరక ఉంది. మాస్టారు దాని పక్కన చతికిలబడ్డారు. రేట్లు తగ్గించాలని రాసిన అట్ట ఒకటి ఎవరో చేతిలో పెట్టారు. దాన్ని ఆయన తలకిందులుగా పట్టుకున్నారని అరగంట దాకా ఎవరూ చెప్పలేదు. పొద్దున్న లేసులు కట్టుకుంటూ పనీపాటా లేనివాళ్లు అన్నది ఎవరినో ఆయనకి గుర్తుంది. ఆ మాట ఇక్కడెవరికీ తెలియకపోవడం ఆ రోజు ఆయనకి దొరికిన ఒకే ఒక్క అదృష్టం.

ఒక పోలీసాయన లాఠీ ఆడిస్తూ వరస వెంట వచ్చాడు.

"ఏయ్ పెద్దాయనా, నీ బండేది?"

"నేనేనండీ" అన్నారు మాస్టారు.

"ఏంటి?"

"నేనే బండినండీ."

పోలీసాయన ఆయన్ని ఎగాదిగా చూసి, ఎండ దెబ్బ తగిలిందనుకున్నాడో ఏమో, పక్క వరసలోకి వెళ్లిపోయాడు. ట్యాంకరాయన కడుపు పట్టుకుని నవ్వి, తన సీసాలో నీళ్లు ఇచ్చి, పక్కనే కూలబడ్డాడు. రోజుకి ఆరు ట్రిప్పులు వేసేవాడు ఇప్పుడు మూడు వేస్తున్నాడట. మిగతా మూడు వీధుల వాళ్లు బిందెలు పట్టుకుని నిలబడి, వాడికి పొగరెక్కిందని తిడుతున్నారట. మాస్టారు విన్నారు. తను షెడ్డులో తలుపేసుకుని ఇంజను ఆపినట్టే వీళ్లు నలుగురిలోకి వచ్చి ఆపుతున్నారని తోచి సిగ్గేసింది.

పన్నెండున్నర అయింది. ఒంటిగంట అయింది. ఆవిడ సంచీ మాస్టారి కళ్ల ముందు ఆడుతోంది. భుజం మీద ఆ పట్టీ ఒరుసుకుని ఇరవై ఏళ్లకి నల్లటి మచ్చ పడింది. ఆ మనిషిని పట్టుకుని చెవి లేదనేశారు! దేవుడా, ఈ ఒక్కసారి గట్టెక్కించు, మళ్లీ జన్మలో మోగను అని మొక్కుకున్నారు.

ఒంటిగంట దాటి పావుగంటకి, అంత నిశ్శబ్దంలో, ఏటవాలు కింద నుంచి బెల్టు కీచుమంది.

తన కారే. మాస్టారు అట్ట పక్కన పెట్టి చెవులు రిక్కించారు. ఫస్టు. సెకండు. గేరు పడాల్సిన చోట పడింది, వెంట్రుకవాసి తేడా లేదు. సగం ఎత్తులో పోలీసులు అడ్డంగా పెట్టిన కంచె దగ్గర బండి ఆగింది. ఎత్తు మీద ఆగిన బండిని మళ్లీ ఎక్కించడం ఎవరికైనా కష్టమే. రెండు మాటలు వినిపించాయి. మళ్లీ ఇంజను లేచింది. బండి అంగుళం కూడా వెనక్కి జారలేదు, కుదుపు లేదు, నున్నగా ఎక్కేస్తోంది.

మాస్టారి గుండె జారిపోయింది.

ఆయనకి తెలుసు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లెవరూ అలా నడపరు. అందరూ గేరు మార్చడానికి ఒక ఊపిరి ఆలస్యం చేస్తారు, ఎందుకంటే మాస్టారు అక్కడ ఊపిరి పీల్చుకుంటారు. ఊళ్లో ఏ కారు వెళ్తున్నా ఆ ఆలస్యాన్ని బట్టి అది తన శిష్యుడిదని ఆయన కళ్లు మూసుకుని చెప్పేయగలరు. ఇది శిష్యుల చెయ్యి కాదు. అంటే నడుపుతున్నది ఎర్రపెన్ను. అంటే ఆవిడ పక్క సీట్లో కూర్చుని ఏడుస్తోంది. అంతా అయిపోయింది.

కళ్లు తుడుచుకుని లేచారు. ఏం చెప్పి ఓదార్చాలో తెలియక, ట్యాంకరు పక్క నుంచి సందు చేసుకుంటూ వంతెన చివరికి వెళ్లారు. కారు ఆగి ఉంది, ఇంజను కట్టేసి ఉంది. పక్క సీటు తలుపు తెరుచుకుని ఎర్రపెన్ను దిగాడు. ఆయన జేబులో ఎర్ర పెన్ను మూత పెట్టినది పెట్టినట్టే ఉంది. రెండో తలుపు తెరుచుకుని, చేతిలో కాగితంతో, స్టీరింగు ముందు నుంచి నర్సమ్మ దిగింది.

మాస్టారు నోరు తెరిచారు. ఒక్క శబ్దం కూడా రాలేదు.

"పాసయ్యానండీ" అంది ఆవిడ. అని, ఆయన వెనక్కి చూసి కంగారు పడింది. "మీరు లేచి వచ్చేశారేంటి? అక్కడ సందు పడిపోయిందిగా! వెళ్లండి, వెళ్లి కూర్చోండి. మాటంటే మాటే."

మాస్టారు పరుగులాంటి నడకతో వెనక్కి వెళ్లి నూనె మరక పక్కన కూర్చున్నారు. ఈసారి అట్ట తిన్నగా పట్టుకున్నారు. ట్యాంకరాయన మెడ సాచి కారు వైపు చూసి మెచ్చుకోలుగా తలాడించాడు.

"ఏం ఎక్కించిందండీ బండిని! ఎవరు నేర్పారు మాస్టారూ ఆవిడకి?"

"ఏమో బాబూ" అన్నారు మాస్టారు. "నేనిక్కడ కూర్చున్నాను."