సూరత్ జ్వరం, ఫిల్మ్‌నగర్ మంచం

ఈ ప్రయాణం గురించి అప్పుడే రాయలేకపోయాను. అప్పటికి నాకు అక్షరాలు రావు. ముసలితనం దగ్గరపడ్డాక రాత్రిబడిలో పలక పట్టాను. ఇప్పుడు చేయి తిరిగింది కాబట్టి రాస్తున్నాను.

సూరత్‌లో ప్లేగు వచ్చిన ఏడు అది. మా సిరిసిల్లలో చాలా ఇళ్ల మగవాళ్లు అక్కడి మగ్గాల మీదే బతికేవారు. రోగం పేరు వినగానే దొరికిన రైలెక్కి వచ్చేశారు. నా తమ్ముడు రాజేశం మాత్రం రాలేదు. కొన్నాళ్లకు మా వాడకట్టు లారీ డ్రైవర్ వచ్చి చెప్పాడు.

"అక్కా, మన టైలర్ నర్సయ్య లేడా, సినిమాలకు బట్టలు కుట్టేటాయన? ఆయనకు బట్ట ఏసొద్దామని ఫిల్మ్‌నగర్ పోయిన. గాడ మీ రాజేశం దవాఖాన మంచం మీద పడి ఉన్నడు. పక్కన సెలైన్ సీస ఏలాడుతున్నది. నాకు భయమై తలుపు కాడికెళ్లే మర్రొచ్చిన."

మర్నాడు తెల్లవారకముందే మొదటి బస్సెక్కాను. బోర్డు చదవలేను కనుక ఇద్దరిని అడిగి ఎక్కాను. నా పక్కన నూలు వ్యాపారి ఒకాయన కూర్చున్నాడు. సిద్దిపేటలో బస్సు ఆగినప్పుడు నాకూ చాయ్ ఇప్పించాడు.

"కువైట్ కాడ లడాయైనప్పుడు డీజిల్ దొరకలే, నూలు ధర మండింది. ఇప్పుడు నూలు గోదాం నిండ ఉన్నది, కొనేటోడే లేడు. లడాయైతే సరుకు రాదు, రోగమైతే మనిషి రాడు. ఎట్లయినా మగ్గమే బంద్" అన్నాడు.

"నా తమ్ముడు బతికుంటే చాలు పటేలా. మగ్గం ఎప్పుడన్న నడుస్తది" అన్నాను. 

తొమ్మిదిన్నరకు జూబ్లీ బస్టాండులో దిగాను. ఫిల్మ్‌నగర్ ఉండే జూబ్లీ హిల్స్ ఆ పక్కనే ఉంటుందనుకుని నడవబోతే చాయ్ బండి ఆయన నవ్వాడు. "గిది సికింద్రాబాదమ్మా. నువ్వు పోయేది పట్నానికి గా కొస." వెళ్లేవాళ్లు గుర్తుంచుకోండి, అక్కడి నుంచి సిటీ బస్సులో పంజాగుట్టకు పోయి ఆటో ఎక్కాలి.

"పొద్దుగాలకెళ్లి నువ్వే బోణీ" అన్నాడు ఆటో అబ్బాయి. "రోగం భయానికి బంబై డాన్సర్లు రామంటున్రట. షూటింగులు ఆగినయ్. మా పొయ్యి గూడ ఆగెటట్టున్నది."

పెద్ద పెద్ద బంగ్లాల ముందు డ్రైవర్లు ముక్కులకు రుమాళ్లు కట్టుకుని ఊరికే కూర్చున్నారు. ఫిల్మ్‌నగర్ బండరాళ్ల మధ్య ఒక రేకుల షెడ్డు దగ్గర ఆటో ఆగింది. లోపల తలుపు మీద ఎర్ర ప్లస్ గుర్తు కనిపించింది. చదువు రాకున్నా ఆ గుర్తు నాకు తెలుసు. 

తెల్లటి దుప్పట్లతో వరుసగా మంచాలు. నర్సులు లేరు, రోగులు లేరు. చివరి మంచం మీద ఎవరో నిండా ముసుగు కప్పుకుని ఉన్నారు. పైన సీసా. ముసుగు కింద నుంచి బయటికి వచ్చిన పాదం మా తమ్ముడిదే. కేక పెట్టి, పడిపోకుండా గోడను పట్టుకున్నాను. గోడ నాతో పాటే ఊగింది.

"ఏయ్, గోడ ముట్టకు! కూలుతది!" అంటూ నర్సయ్య పరుగెత్తుకొచ్చాడు.

ముసుగు తీసి రాజేశం లేచి కూర్చున్నాడు. "అక్కా! నువ్వెట్లొచ్చినవ్? ఎవరు సచ్చిన్రు?"

"నువ్వే సచ్చినవనుకున్న!"

"నేను పండుకున్న."

వాడి నుదురు, మెడ, చేతులు తడిమాను. చల్లగా ఉన్నాయి. అప్పుడు ఏడ్చాను.

"గిది సినిమా సెట్టు చెల్లె" అన్నాడు నర్సయ్య, గోడ వెనక కర్రలు, గుడ్డ చూపిస్తూ. "వీడు జ్వరంతోని రైలు దిగి నా కాడికొచ్చిండు. సర్కారు దవాఖానల చూపిచ్చిన. మామూలు జ్వరమేనన్నరు, తగ్గింది గూడ. కని సూరత్ అనంగనే మా ఇంటాయన నా రూములకు రానియ్యలే. షూటింగ్ లేదు కదా, ఈడ పండుకోమన్న. సీసల నల్లా నీళ్లు. మంచాలొక్కటే అసలైనయ్."

ఆ మంచం మీదే ముగ్గురం టమాట పప్పుతో అన్నం తిన్నాం. మూలన సినిమాకు తెప్పించిన సూరత్ చీరల మూటలు విప్పకుండా పడి ఉన్నాయి. ఎవరూ ముట్టడం లేదట.

మధ్యాహ్నం బస్సులో తిరిగి బయలుదేరాం. "ఎక్కడికెళ్లి వస్తున్రు?" అని ముందు సీటాయన అడిగితే రాజేశం దాచకుండా "సూరత్" అన్నాడు. రెండు నిమిషాల్లో చుట్టూ సీట్లన్నీ ఖాళీ. కాళ్లు చాపుకుని వచ్చాం. రోగం ఒక ఊళ్లో పుట్టింది, పని మాత్రం దారి పొడవునా ఆగిపోయింది. అయినా నా పక్కన వాడు గురక పెడుతుంటే నాకు దేశంలో ఏ లోటూ కనిపించలేదు.

మా ఊళ్లో దిగాక వాడి ముఖం మారింది. "ఎనక సందుల నుంచి పోదామక్కా. మనోళ్లు గూడ గట్లనే లేచి పోతే నేను తట్టుకోలేను" అన్నాడు. ఆ రాత్రి సందు దారినే తీసుకుపోయాను.

మర్నాడు పొద్దున వాడిని వెంటబెట్టుకుని నడిబజారులో హోటల్‌కు వెళ్లాను. బల్ల మీద ఉన్నవాళ్లు దూరం జరిగారు. హోటల్ ఆయన ఒక్క చాయే తెచ్చి నా ముందు పెట్టాడు. దాన్ని రాజేశానికి ఇచ్చాను. వాడు సగం తాగాక అదే గ్లాసు తీసుకుని, అందరూ చూస్తుండగా మిగతాది నేను తాగాను.

"ఇంకో రెండు తే" అన్నాను.