గ్రేసు చుట్టూ రిబ్బన్

ఒమన్‌లోని సలాలాలో మా తెలుగువాళ్ల పిక్నిక్‌ను ప్లాస్టిక్ రిబ్బన్‌తో తగలబెట్టిన ఘనుణ్ణి నేనే. ప్లాస్టిక్‌తో ఎలా తగలబెడతారంటారా? చదవండి.

ఆ పక్కనే రైసూత్‌లో ఒక ఫ్యాక్టరీలో సేఫ్టీ ఇంజనీర్ని. స్నానానికి వెళ్లినా ముందు ప్రమాదాల జాబితా రాసుకునే రకం. ఖరీఫ్ అని ఇక్కడ పిలిచే వానాకాలం జల్లులు మొదలవగానే నర్సు సునీతక్క ఫోన్ చేసింది.

"తమ్ముడూ, మా గ్రేసుకి ఇరవై రెండేళ్లు. బుద్ధి నిదానం గానీ చెయ్యి చురుకు. పిక్నిక్‌లో పులిహోర తనే వడ్డిస్తానంటంది. మూడేళ్ల నుంచి మమ్మల్ని ఎవరూ పిలవట్లేదు. రానిస్తారా?"

"రానిచ్చుడేందక్కా! ఏర్పాట్లన్నీ నేను చూసుకుంట. ఫికర్ చేయకుండ్రి."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఎవరూ అడక్కుండానే పెట్టేవాణ్ణి నేను. పద్నాలుగు ప్రమాదాలు రాశాను: బురద, ఒంటెలు, పరిగెత్తే పిల్లలు, వేడి గిన్నెలు... పులిహోర చల్లగానే ఉంటుందన్న సంగతి ఇంజనీరింగ్‌లో చెప్పలేదు మరి. గ్రేసు ఏమంటుందో రాయడానికి మాత్రం గడి లేదు.

పిక్నిక్ రోజు కొండ కింద ఒక కుర్చీ వేసి, నాలుగు కర్రలు పాతి, చుట్టూ ఎరుపు తెలుపు రిబ్బన్ లాగాను. సైట్లో గొయ్యి చుట్టూ కట్టేది అదే. కొత్త చుడీదార్‌లో, ఇంటి నుంచి తెచ్చుకున్న గరిటెతో గ్రేసు కారు దిగింది. తీసుకెళ్లి అందులో కూర్చోబెట్టాను.

మేస్త్రీ రాజన్న వచ్చాడు. "ఏందిరా, లోపల ఏమన్న తవ్వినవా?"

"గ్రేసు కోసమన్నా. తిండి ఇక్కడికే వస్తది. లేవాల్సిన పనే లేదు."

"మరి వడ్డిస్తా అన్నదట గదా పిల్ల?"

"రిస్కన్నా."

పిల్లలు రిబ్బన్ పట్టుకుని, కాసేపటి క్రితం ఒంటెల్ని చూసినట్టే చూశారు. ఒక తల్లి తన కొడుకుని వెనక్కి గుంజింది. "అటు పోకు, రిబ్బన్ కట్టారంటే ఏదో ఉన్నట్టే."

గ్రేసు గరిటె ఒళ్లో పెట్టుకుని నన్ను పిలిచింది.

"అన్నా, నేను కరుస్తానా?"

పద్నాలుగు ప్రమాదాలకూ విరుగుడు రాసుకున్నవాణ్ణి. ఈ ప్రశ్న మాత్రం జాబితాలో లేదు.

సునీతక్క తిట్టలేదు. రిబ్బన్ ఎత్తి, కూతుర్ని దాని కింద నుంచి బయటికి తెచ్చి, విస్తళ్లు వేయకముందే వెళ్లిపోయింది. తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఒకటే మాట: "డ్యూటీ ఉంది తమ్ముడూ."

కాబట్టి ఒమన్ ఎండ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: మనిషిని అడక్కుండా మనిషికి ఏర్పాట్లు చేయను. చేయబోతే, ఆ చుట్టలో ఇంకా బోలెడు రిబ్బన్ మిగిలింది, ముందు నా నోటికి కట్టుకుంటాను.